వేసవికి ముందు ఫెర్న్ మొక్కలు పెంచేవారికి జాగ్రత్తలు: ఆకును చూసి నీళ్లు పోయకండి

మొన్న ఆదివారం మా వీధి చివరి ఇంటివారు కబురు పెడితే వెళ్లి చూశాను. ఉత్తరపు వసారాలో వరుసగా పెట్టుకున్న 14 ఫెర్న్ కుండీలలో 11 తలలు వాల్చేశాయి. ‘రోజుకు రెండు పూటలా నీళ్లు పోస్తున్నానండీ, మధ్యాహ్నం మరీ వడలిపోతే మూడోసారి కూడా పోస్తున్నాను, అయినా ఇలా అయిపోయాయి’ అని ఆ ఇల్లాలు వాపోయారు. ఒక కుండీని అరచేతి మీదికి బోర్లించి అంచును మెల్లగా తట్టాను. మట్టిముద్ద ఏ పట్టూ లేకుండా జారి చేతిలో పడింది, దానితోపాటే మురుగుకాలువ వాసనా వచ్చింది. ఒక వేరును పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడి వచ్చేసి, లోపల సన్నని దారం ఒక్కటే మిగిలింది. ఫెర్న్ వేరు సహజంగానే ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి నల్లగానూ ఉంటుంది కాబట్టి రంగును బట్టి అది కుళ్లిందని చెప్పలేము. ఇలా తొడుగు ఊడి వచ్చిందంటే మాత్రం ఇక సందేహం అక్కరలేదు. ఫాల్గుణ మాసం ఇంకా ముగియలేదు, అసలు ఎండలు మొదలే కాలేదు. ఆ మొక్కలు ఎండకు పోలేదు, నీళ్లకు పోయాయి.

ఫెర్న్‌కు నీడ కావాలని, మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదని అందరికీ తెలిసిన సంగతే కనుక దాని గురించి ఇక్కడ రాయడం లేదు. ఇన్నేళ్లలో నేను చూసిన ఇళ్లలో ఎక్కువ చోట్ల ఈ మొక్కల ప్రాణం తీసిన తప్పు ఒక్కటే, అది ఆకు వాలిందని చూసి నీళ్లు పోయడం. తెలంగాణలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలలో గాలిలోని తేమ 20 శాతానికి పడిపోవడం మామూలే. అటువంటి గాలిలో పలుచని ఆకుల నుంచి నీరు ఆవిరయ్యే వేగానికి వేళ్లు సరితూగలేవు కాబట్టి, మట్టి పూర్తిగా తడిగా ఉన్నప్పటికీ రెండు గంటల వేళ ఆకు వాలుతుంది, పొద్దు వాలాక తనంతట తానే లేస్తుంది. ఆ రెండు గంటల వేళ మనం చూస్తాము, జాలిపడతాము, చెంబుడు నీళ్లు పోస్తాము. మట్టి కణాల మధ్య గాలి ఉండవలసిన చోటు కూడా నీటితో నిండి, వేళ్లకు ఊపిరాడక, ఆ వేడి తడిలో శిలీంధ్రం ప్రవేశించి వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కనుక ఆకు మరింత వాలుతుంది. మరింత వాలిందని మనం మరికాస్త పోస్తాము. ఊరికి వెళ్లి వారం రోజులు తలుపులు వేసుకున్నవారి ఫెర్న్‌లు బతికి, రోజూ దగ్గర కూర్చుని చూసుకున్నవారివి చచ్చిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

అందువలన ఆకును చూసి నీళ్లు పోయకండి. మట్టిని ముట్టుకుని పోయండి. చూపుడువేలిని రెండు కణుపుల లోతు దింపండి. పైన కోకోపీట్ (కుండీ మట్టిలో కలిపే కొబ్బరిపీచు పొట్టు) ఎండి లేత రంగుకు మారినా లోపల తడి ఉంటుంది కనుక పైన తాకితే సరిపోదు. వేలికి తడి అంటితే ఆ పూటకు మానేయండి. కుండీని ఎత్తి బరువు చూడడం ఇంకా మంచి పద్ధతి. పూర్తిగా తడిపిన కుండీ ఎంత బరువుంటుందో, నీళ్లు అవసరమైనప్పుడు ఎంత తేలికగా ఉంటుందో వారం రోజులు ఎత్తి చూస్తే చేతికే తెలిసిపోతుంది. దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఒకటుంది: కోకోపీట్ ఒకసారి ఎముకలా ఎండితే మళ్లీ నీటిని పట్టుకోదు, పోసిన నీరంతా కుండీ గోడ వెంబడి జారి అడుగు నుంచి బయటికి వచ్చేస్తుంది, చూసేవారు మాత్రం మొక్క తాగిందనుకుంటారు. అటువంటి కుండీని బకెట్టు నీటిలో బుడగలు ఆగేవరకు, సుమారు 20 నిమిషాలు, ముంచి తీసి నీరు పూర్తిగా వార్చి పెట్టాలి. ఈ తేడా కూడా చేతితో ముట్టుకుంటేనే తెలుస్తుంది, ఆకును చూస్తే తెలియదు, ఎందుకంటే దాహంతో వాలిన ఆకూ ముంపుతో వాలిన ఆకూ చూడడానికి ఒకేలా ఉంటాయి.

ఇక ఎంపిక విషయానికి వస్తే, కొత్తగా కొనదలచినవారు మృగశిర కార్తె వరకు ఆగడమే మేలు. ఆగలేనివారు కనీసం గట్టి రకాలను కొనండి. నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా అనే కత్తి ఆకారపు ఆకుల ఫెర్న్ అన్నింటికంటే మొండిది. దాని కుదురు పక్కన మట్టిని వేలితో కొంచెం తవ్వితే పిల్లలు ఆడుకునే గోలీలంత, సన్నని నూగుతో ఉన్న దుంపలు తగులుతాయి. అవి నీటిని దాచుకునే దుంపలు, పైన ఆకులన్నీ ఎండిపోయినా వీటి బలంతో మొక్క మళ్లీ లేవగలదు. చూడడానికి దానికి చెల్లెలిలా ఉండే బోస్టన్ ఫెర్న్‌కు ఈ దుంపలు ఉండవు. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన మొక్కలలో వేరుగా కనిపించి పేరు తెచ్చుకున్న ఈ రకం ఉయ్యాల కుండీలో వేలాడుతుంటే ఎంతో అందంగా ఉంటుంది, కానీ పొడిగాలిని అంతగా తట్టుకోలేదు. పాత గోడల సున్నపు పగుళ్లలో, ఇటుక కాలువల అంచులలో ఎవరూ నాటకుండానే మొలిచే టెరిస్ విట్టాటాకు సున్నమంటే ఇష్టం కనుక, మన బోరు నీటి గట్టిదనాన్ని కూడా చాలావరకు సహిస్తుంది. అయితే ఈ మొక్క మట్టిలోని ఆర్సెనిక్‌ను లాగి ఆకులలో నిల్వచేసుకుంటుందని 2001లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వెల్లడించారు కాబట్టి, కత్తిరించిన ఆకులను ఆకుకూరల మడిలో ఎరువుగా వేయకండి, మేకలకు పెట్టకండి.

హంసపాది జాతికి చెందిన మెయిడెన్‌హెయిర్ ఫెర్న్‌ను వేసవి ముంగిట ఎట్టి పరిస్థితిలోనూ కొనకండి. నల్లని తీగవంటి కాడలు, చిన్నచిన్న లేత ఆకులతో అది నర్సరీలో మనసును లాగేస్తుందన్న మాట నిజమే, కానీ అది సహజంగా పెరిగేది దిగుడుబావుల లోపలి గోడలలో, నీరు చెమ్మగిల్లుతూ ఉండే రాతి సందులలో. బావి లోపలి గాలిని ఆరో అంతస్తు బాల్కనీలో మనం కల్పించలేము. ఆస్పరాగస్ ఫెర్న్ పేరుతో అమ్మేది అసలు ఫెర్నే కాదు, అది మన పిల్లిపీచర జాతి. పూలు పూసి కాయలు కాస్తుంది, వేళ్లకు దుంపలుంటాయి, ఎండను ఎంతో బాగా తట్టుకుంటుంది. ఫెర్న్ పెంచడం నాకు బాగా వచ్చునని చెప్పుకునేవారిలో కొందరి వసారాలో ఉన్నది ఇదే.

కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న మొక్కల విషయంలో మరో జాగ్రత్త అవసరం. అవి గోదావరి ఒడ్డు తేమ గాలిలో, షేడ్ నెట్ కింద పెరిగినవి. వేళ్ల చుట్టూ తరచుగా బంకమట్టి ముద్ద ఉంటుంది. ఆ ముద్దను అలాగే కోకోపీట్‌లో దించితే చుట్టూ ఉన్నది ఆరిపోతుంది, ముద్ద మాత్రం తడిగా ఉండిపోతుంది, లేదా ముద్ద రాయిలా గట్టిపడి చుట్టూ తడి ఉంటుంది. వేలు ఏ చోట దించితే ఆ చోటి మాటే చెబుతుంది. కనుక వేలిని ముద్దలోనే దించి చూడండి. ముద్దను విడదీసి కొత్త మట్టిలోకి మార్చే పనిని వానలు పడ్డాకే పెట్టుకోండి.

చోటు విషయంలో నీడ అంటే చీకటి అనుకునేవారు చాలామంది ఉన్నారు. మధ్యాహ్నం దీపం వేయకుండా దినపత్రిక చదవగలిగినంత వెలుతురు ఉన్నచోటు ఫెర్న్‌కు సరిపోతుంది, అంతకంటే తక్కువైతే అది నెమ్మదిగా చిక్కిపోతుంది. పడమటి గోడకు ఆనించి పెట్టకండి. ఆ గోడ పగలంతా మింగిన వేడిని రాత్రి పది గంటల వరకు కక్కుతూనే ఉంటుంది. ఏసీ బయటి యూనిట్ ఎదుట అసలే వద్దు. మామిడి, వేప చెట్ల కింద నేలలో నాటితే నీడ దొరుకుతుంది గానీ చెట్టు వేళ్లు తడినంతా లాగేసుకుంటాయి, అందుచేత అక్కడ కుండీలోనే ఉంచడం మంచిది.

నీటి నాణ్యత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆకు చివర్లు మాడడానికి సగం కారణం ఎండలో లేదు, ఉప్పులో ఉంది. ఆర్వో యంత్రం వదిలే నీటిని వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో చాలామంది కుండీలకు పోస్తున్నారు. శుద్ధి చేసిన నీటిలో ఉండకూడదని తీసేసిన లవణాలన్నీ చేరింది ఆ నీటిలోనే. దానితో ఇల్లు తుడుచుకోండి, ఫెర్న్‌కు పోయకండి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి బకెట్టులో పట్టి, దాని చల్లదనం తగ్గాక బోరు నీటితో కలిపి వాడుకోవచ్చు. నెలకు ఒకసారి కుండీ అడుగు నుంచి ధారగా పోయేంతవరకు మంచినీరు పోసి, పేరుకున్న ఉప్పును కడగాలి. ఆ రోజు కూడా మట్టిని ముట్టుకుని చూశాకే పోయాలి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

మధ్యాహ్నం గొట్టం తిప్పి నేరుగా కుండీలో పెట్టకండి. డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే మొదటి నీరు చేతికి చురుక్కుమంటుంది, వేరుకు అంతకంటే ఎక్కువ. ఉదయం ఆరు, ఏడు గంటల లోపే తడపండి.

కుండీ కింద పళ్లెంలో నీరు నిలవనివ్వకండి. వేరు కుళ్లడం ఒకటి, డెంగీ దోమ గుడ్లు పెట్టడం రెండు. తేమ కావాలంటే పళ్లెంలో గులకరాళ్లు పోసి, నీటిమట్టం రాళ్ల కిందే ఉండేలా చూసి, కుండీని రాళ్లపైన నిలపండి.

కుదురు మీద మట్టి కప్పకండి. చుట్టలు చుట్టుకున్న లేత చిగుళ్లు వచ్చే ఆ తల మట్టం పైనే ఉండాలి. నూగుతో కుండీ అంచు మీదుగా పాకే కాండాలను అస్సలు పూడ్చకండి.

ఆకు అడుగున గోధుమ రంగు చుక్కలు వరుసగా, లెక్క తప్పకుండా ఉంటే అవి సిద్ధబీజాశయాల గుంపులు, అంటే ఫెర్న్ విత్తనాలకు బదులుగా వంశవృద్ధికి తయారుచేసుకునే పొడి సంచులు. వాటికి మందు కొట్టకండి. పొలుసు పురుగులైతే వరుస ఉండదు, ఈనె మీదా కాడ మీదా అడ్డదిడ్డంగా ఉంటాయి, గోటితో గీకితే ఊడతాయి, చుట్టూ జిగురు ఉంటుంది. వాటిని తడిబట్టతో తుడవండి. ఎండ ఉండగా వేపనూనె చల్లకండి. పొలానికి కొట్టే మందులు ఇంట్లోకే తేకండి.

వేసవిలో యూరియా వద్దు, డీఏపీ వద్దు, ‘కొంచెమే కదా’ అన్నా వద్దు. వాలిన మొక్కకు ఎరువు వేయడం జ్వరంతో ఉన్నవాడికి విందుభోజనం పెట్టడమే.

చెక్కకు కట్టి పెంచే స్టాగ్‌హార్న్ ఫెర్న్‌కు ఆ చెక్కను అంటుకుని ఎండిన గోధుమరంగు కవచపు ఆకులు ఉంటాయి. శుభ్రం చేస్తున్నామని వాటిని పీకకండి.

షేడ్ నెట్ కట్టేవారు నాలుగు వైపులా మూసేయకండి, గాలి ఆడాలి. కుండీలను ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా చేర్చి పెట్టండి. మట్టిపైన ఎండుటాకులు పరవండి, కుదురుకు తగలనివ్వకండి.

గుబురుగా పెరిగిన ఫెర్న్‌ల మధ్యకు టార్చి వేసి చూడకుండా చేయి పెట్టకండి. ఈ కాలంలో చల్లదనం వెతుక్కునేది మనమొక్కరమే కాదు; తేలు, జెర్రి, ఒక్కోసారి పాము కూడా అక్కడికే చేరుతాయి.

అనంతగిరి, అరకు వైపు విహారానికి వెళ్లినప్పుడు అడవిలోని ఫెర్న్‌ను తవ్వి తేకండి. సుమారు 900 మీటర్ల ఎత్తున చల్లని లోయలో పెరిగినది మన ఎండకు నిలవదు. చెట్టులా పెరిగే సయాథియా జాతిపై అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కూడా ఉంది, ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

ఊరికి వెళ్లేటప్పుడు పక్కింటివారికి కుండీలు అప్పగిస్తే ‘మూడు రోజులకోసారి పోయండి’ అని చెప్పకండి, ‘వేలు దించి చూసి, తడి లేకపోతేనే పోయండి వదినగారూ’ అని చెప్పి, ఒక కుండీలో వారి వేలే దింపించి చూపించి వెళ్లండి.

రోహిణి కార్తెలో పైన పచ్చదనం పూర్తిగా పోయినా కుండీని పారవేయకండి. ఎండిన ఆకులను రెండంగుళాల కాడ ఉంచి కత్తిరించి, నీడలో పెట్టి, మట్టి పూర్తిగా ఎండకుండా మాత్రమే తడపండి. ఆకులు లేని మొక్క తాగే నీరు ఎంతో కొంచెం కనుక ఈ దశలో మామూలుగా పోసే నీరే దానికి ముంపు అవుతుంది. కుదురును వేలితో నొక్కితే గట్టిగా ఉందంటే ప్రాణం ఉన్నట్టే, మెత్తగా నలిగిందంటే లేనట్టే. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక మరో మూడు వారాలు చూసి, అప్పటికీ చుట్ట చిగురు రాకపోతేనే తీసివేయండి. ఆ మట్టిని ఎర్రటి ఎండలో పలుచగా పరిచి వారం రోజులైనా ఎండబెట్టనిదే మరో ఫెర్న్‌కు వాడకండి.