ఇసుక నేలలో గొయ్యి తవ్విస్తున్నారా, మనిషిని లోపలికి దింపే ముందు ఇది చదవండి

పోయిన వారం మన విశాఖ దగ్గర భీమిలి వైపు ఒక లేఅవుట్‌లో సెప్టిక్ ట్యాంక్ కోసం తవ్విన గొయ్యి గోడ ఒరిగి ఇద్దరు కూలీల మీద పడింది. ఒకాయన నడుం దాకా కూరుకుపోయి ఎలాగో బతికాడు. రెండో కుర్రాడు అప్పుడే వంగి తట్టలోకి మట్టి ఎత్తుతున్నాడంట, బయటికి తీసేసరికే అయిపోయింది. నేను వెళ్ళేటప్పటికి అతని చెప్పులు గట్టు మీద జతగా విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా సైట్ పనుల్లో ఉన్నా, ఇలాంటిది చూడడం ఇది మూడోసారి, మూడుసార్లూ తప్పు ఒకటే. కార్తీకం ముహూర్తాలు వస్తున్నాయి, శంకుస్థాపనలు మొదలవుతాయి, తుపాన్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే (హుద్‌హుద్ మన మీదకొచ్చింది 2014 అక్టోబర్ 12న, ఎవరం మర్చిపోతాం), అందుకే ఇప్పుడే రాస్తున్నా.

హెల్మెట్లు, బూట్ల గురించి రాయను, అవి అందరికీ తెలుసు. ఆ ఒక్క తప్పు గురించే రాస్తా. గోడ నిటారుగా నిలబడింది కదా అని గోతిలోకి దిగడం.

తగరపువలస, కాపులుప్పాడ, రుషికొండ ఇటువైపు తీరం వెంబడి చాలాచోట్ల ఉన్నది ఎర్రటి ఇసుక నేల, వ్యవసాయం వాళ్ళు ఇసుక గరప అంటారు. ఇందులో సగానికి పైనే ఇసుక ఉంటుంది, బంకమన్ను నూటికి 20 పాళ్ళు కూడా ఉండదు. ప్లాట్ కొనేటప్పుడు అందరూ మెచ్చుకునే నేలే ఇది. వాన వెలిసిన కాసేపటికే నీళ్ళు ఉండవు, కాలికి బురద అంటదు, గునపం హాయిగా దిగుద్ది, జీడి, సరుగుడు, కొబ్బరి బాగా వస్తాయి, గంటకి రెండు మూడు సెంటీమీటర్ల వాన పడినా తాగేస్తది. నేను ఈ నేలని తప్పు పట్టట్లేదు, మా ఇల్లు కూడా దీని మీదే ఉంది. కానీ తొందరగా నీళ్ళు తాగే నేల తొందరగా ఆరిపోతుంది కూడా, గోతి గోడకి వచ్చే ప్రమాదం అంతా అక్కడే ఉంది.

చిన్నప్పుడు బీచ్‌లో పిచ్చుక గూళ్ళు కట్టే ఉంటారు. పాదం మీద తడి ఇసుక కప్పి, గట్టిగా తట్టి, మెల్లగా పాదం లాగేస్తే గూడు నిలబడుద్ది. పొడి ఇసుకతో రాదు. కట్టిన గూడు మీదకి అల వస్తే క్షణం ఉండదు, అల రాకపోయినా ఎండకి అంచులు రాలిపోతాయి. ఇసుక రేణువుల మధ్య పల్చగా ఉన్న తడే వాటిని పట్టి ఉంచింది, ఆ తడి ఎక్కువైనా పట్టు పోద్ది, తక్కువైనా పోద్ది. గోతి గోడ కూడా అంతే. పొద్దున్న 8 గంటలకి కొత్తగా తవ్వినప్పుడు లోపలి తడితో రాయిలా కనిపిస్తది, మేస్త్రీ చేత్తో చరిచి "ఏటీ అవదు బాబూ, సూడండి ఎలా నిలబడ్డాదో" అంటాడు, ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆ టైమ్‌కి అది నిజమే. మధ్యాహ్నం 2కి ఎండా సముద్రపు గాలీ తగిలి ఆరాక అది పొద్దున్న చూసిన గోడ కాదు. రాత్రి వాన పడితే అసలే కాదు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఏళ్ళ తరబడి గోడల్లా నిలబడ్డాయి కదా అని ఒకాయన నాతో వాదించాడు. దిబ్బల దగ్గరికి వెళ్ళినప్పుడు పైకి చూసి ఫోటోలు తీసుకోవడం కాదు, ఒకసారి ఆ గోడల అడుగు చూడండి, రాలిపడిన మట్టి కుప్పలు కనిపిస్తాయి. ఆ లోయలన్నీ వాన నీళ్ళు కోసినవే. ఏ గోడ ఎప్పుడు కూలిందో చూడ్డానికి అక్కడ కింద మనిషి లేడు, మీ గోతిలో ఉంటాడు.

మీ నేల ఎలాంటిదో తెలుసుకోవడానికి ల్యాబ్‌కి పోనక్కర్లేదు. గోతిలో అడుగు భాగం నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, గ్లాసుడు నీళ్ళలో వదలండి. మేం మా సైట్‌లో చేస్తే అంచుల నుంచి బుడగలొచ్చి, చూస్తుండగానే ముద్ద కాస్తా కుప్పగా కూర్చుంది. గోడని కూడా వాన అలాగే చేస్తది. ఇంకో ముద్ద తీసి రిబ్బన్‌లా సాగదీస్తే అంగుళం కూడా సాగకుండా తెగిపోతే అది ఇసుక నేలే, కింద రాసినవన్నీ మీకు వర్తిస్తాయి.

బరువు సంగతి కూడా చెప్పాలి, చాలామంది మట్టే కదా అనుకుంటారు. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, రెండడుగుల మందం ఉన్న పెళ్ళ ఒకటి ఊడిందనుకోండి, అది సుమారు ఒక ఘనపు మీటరు, ఒకటిన్నర టన్నుకి పైనే, రెండు చిన్న కార్ల బరువు. ఛాతీ దాకా కూరుకుపోతే తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు, వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తది, మళ్ళీ పీల్చడానికి చోటుండదు.

ఇంక చేయాల్సింది. ఐదడుగులు దాటితే, అంటే ఒకటిన్నర మీటరు, గోడలకి ఊతం పెట్టాల్సిందేనని మన భారతీయ ప్రమాణాల్లోనే ఉంది. స్థలం ఉంటే గోడని ఏటవాలుగా చెక్కించండి, ఈ నేలకి ఒక అడుగు లోతుకి అడుగున్నర వెడల్పు లెక్కన. అంత జాగా ఏ ప్లాట్‌లో ఉంటుంది అంటారు, నిజమే, అప్పుడు పలకలు నిలబెట్టి మధ్యలో సరుగుడు బాదులు అడ్డంగా బిగించాలి. మన దగ్గర సరుగుడుకి కరువా, స్లాబ్ కింద పెట్టడానికి ఎలాగూ తెప్పిస్తారు, అవే ఒక నెల ముందు తెప్పించండి. ఊతం పై నుంచి కిందకి పెట్టుకుంటూ దిగాలి, తీసేటప్పుడు కింద నుంచి మట్టి నింపుకుంటూ పైకి రావాలి. మొత్తం తవ్వేసి ఆఖర్న పెడదాం అనే మేస్త్రీతో పని చేయించొద్దు, ఆ పలకలు పెట్టడానికి దిగేది కూడా మనిషే కదా.

తవ్విన మట్టి అంచుకి ఐదడుగుల దూరంలో పోయించండి, గొయ్యి లోతు పదడుగులు దాటితే ఆ లోతులో సగం దూరం. అంచున పోసిన కుప్ప గోడని పై నుంచి తొక్కుతూనే ఉంటది. మొన్నటి గోతి దగ్గర కుప్ప అంచుకి జానెడు దూరంలో ఉంది, నేను కళ్ళారా చూశా.

నుయ్యి అయితే వరలు దింపుకుంటూ లోపల తవ్వాలి, మనిషి ఎప్పుడూ వర లోపలే ఉండాలి. ఊట దగ్గరికి వచ్చాక నీళ్ళతో పాటు ఇసుక కూడా లోపలికి వస్తది, మోటార్ పెట్టి తోడేస్తుంటే వర వెనకాల ఖాళీ పడి పైన నేల కుంగుద్ది. నీళ్ళలో ఇసుక కనిపించగానే తోడడం ఆపండి. డీజిల్ ఇంజన్ నూతిలోకి దించొద్దు, ఆ పొగకి మనిషి అరవకుండానే పోతాడు.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తా. నిచ్చెన లేకుండా దిగొద్దు, నిచ్చెన తీసి ఇంకోచోట వాడొద్దు. గోతిలో మనిషి ఉన్నంతసేపు పైన ఒకరు గోడనే చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. అంచుకి సమాంతరంగా నేల మీద సన్నటి పగులు కనిపించిందా, బయటికి. గోడ నుంచి చిటికెడు చిటికెడు ఇసుక జారుతోందా, బయటికి, పార అక్కడే వదిలేసి బయటికి. జెసిబిని అంచున నిలబెట్టొద్దు. పక్కింటి కాంపౌండ్ గోడ ఆనుకుని తవ్వొద్దు. పాత సెప్టిక్ గొయ్యి పక్కన తవ్వొద్దు, దాని తడి మీ గోడలోకి వస్తూ ఉంటది. బయట నుంచి మట్టి తెచ్చి ఎత్తు చేసిన ప్లాట్ అయితే ఇంకా భయపడండి, ఆ మట్టికి ఆ పట్టు కూడా ఉండదు. రాత్రి వాన పడిందా, పొద్దున్నే దిగొద్దు, ముందు గోడలు చూడాలి, నీళ్ళు ఇంకిపోయాయి కదా అంటారు, ఇంకింది ఆ గోడల్లోకే. వాతావరణ శాఖ అల్పపీడనం అన్న రోజు పని ఆపేయండి, ముహూర్తం నాడు కొబ్బరికాయ కొట్టి నాలుగు తట్టలు తీస్తే చాలు. అన్నాలకి వెళ్ళొచ్చాక కూడా మళ్ళీ గోడ చూసే దిగాలి. "ఐదు నిమిషాల పనే" అని ఎవరన్నా అంటే దిగనివ్వొద్దు. గోడ నిలబడింది కదా అంటే అసలు దిగనివ్వొద్దు.

గోడ పడిందనుకోండి, ఎవరూ దూకొద్దు. అన్నో తమ్ముడో లోపల ఉంటే ఆగడం ఎంత కష్టమో తెలుసు, అయినా దూకొద్దు, ఆ కంగారులోనే రెండో గోడ పడుద్ది. 112కి కొట్టండి, 101కి, 108కి. అంచు దగ్గర ఉన్న జనాన్ని వెనక్కి తోయండి, దగ్గర్లో నడుస్తున్న మెషిన్లు ఆపించండి. కూరుకున్న మనిషిని తాడు కట్టి లాగొద్దు, జెసిబి బకెట్ పెట్టొద్దు. పలకలు వేసి రెండో గోడ ఆపాకే చేతులతో, చిన్న పారలతో ముఖం, ఛాతీ దగ్గర మట్టి తీయాలి. బయటికొచ్చి బానే ఉన్నాను అన్నా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, నలిగిన కండరాల వల్ల కిడ్నీలు తర్వాత దెబ్బతింటాయి.

సాయంత్రం పని ఆపేశాక గోతి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టండి, ఎర్ర గుడ్డ కట్టండి, పిల్లలు ఇసుక చూస్తే ఆగరు. పైన టార్పాలిన్ కప్పి, అంచున చిన్న గట్టు వేసి వాన నీళ్ళు పక్కకి మళ్ళించండి. రేపు తవ్వకం ఉన్నవాళ్ళు ఈ రాత్రే మేస్త్రీకి ఫోన్ చేసి సరుగుడు బాదులు, పలకలు సైట్‌కి చేరాయో లేదో కనుక్కోండి, చేరకపోతే కూలీలని ఎల్లుండి రమ్మనండి.