నిమ్మ ఆకులు పసుపెక్కుతున్నాయా? ముందు చెట్టు మొదలు చూడండి

సమస్య: వానలు వెనకబట్టాక నిమ్మ, బత్తాయి, నారింజ చెట్ల ఆకులు పసుపెక్కి రాలుతాయి. శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లలో చాలామంది ఎరువుల దుకాణానికి వెళ్లి జింకు తెచ్చి చల్లుతారే తప్ప, వంగి మొదలు చూడరు.

గుర్తుపట్టడం: లేత ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది జింకు లోపమే. లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది. ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదని అర్థం. అలా కాక, ఆకు ఇంకా పచ్చగా ఉండగానే నడి ఈనె, పక్క ఈనెలు పసుపెక్కితే ఎరువుల ఆలోచన మాని మొదలు దగ్గర మట్టి తీసి చూడాలి.

అసలు కారణం: అక్కడ బెరడు తడిసి, ముదురు గోధుమ రంగుకు మారి, బంక కారుతూ ఉంటే అది ఫైటోఫ్తొరా అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి వల్ల వచ్చే మొదలు కుళ్లు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండానే వేళ్లకు దిగుతుంది కనుక, బెరడు కుళ్లిన కొద్దీ వేళ్లు మాడి, చెట్టు వాడిపోతుంది. దాహమని భ్రమపడి మరింత నీరు పోస్తే, ఆ నీటిలోనే ఈదుతూ వ్యాపించే ఆ సూక్ష్మజీవికి మనమే దారి ఇచ్చినట్లవుతుంది. దీనికి తరచూ కనబడే మూలం ఒకటి: బలం చేకూరుతుందని మొదలు చుట్టూ మట్టి, పేడ ఎగదోసి, అంటు కట్టిన చోటును కప్పివేయడం. అంటు నేలకు కనీసం అర అడుగు పైన, గాలి తగిలేలా ఉండాలి.

పరిష్కారం: ఎగదోసిన మట్టిని తీసివేసి, కుళ్లిన బెరడును ఆరోగ్యవంతమైన భాగం కనబడేవరకు పదునైన కత్తితో చెక్కి, ఆ ముక్కలను ఏరి కాల్చివేయాలి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములను అర లీటరు నీటిలో, పొడిసున్నం 100 గ్రాములను మరో అర లీటరులో ప్లాస్టిక్ పాత్రలలో విడివిడిగా కలిపి, తర్వాత రెండింటినీ చేర్చితే బోర్డో ముద్ద తయారవుతుంది. అందులో ముంచిన ఇనుప కత్తిపై రాగి రంగు పూత పడితే ఇంకొంత సున్నం కలపాలి. దీనిని కాండానికి రెండడుగుల ఎత్తు వరకు పూసి, ఏటా తొలకరికి ముందు, వానలు వెనకబట్టాక మళ్లీ పూయాలి. ఫోసిటైల్ అల్యూమినియం అనే తెగులు మందును లీటరుకు 2.5 గ్రాములు కలిపి ఆకులపై పిచికారీ చేస్తే అది వేళ్ల వరకు దిగుతుంది. అయితే బోర్డో పడిన ఆకులపై దానిని కొట్టకూడదు. పాదును రెండు వలయాలుగా చేసి, లోపలి గట్టు నీటిని మొదలుకు తగలనీయకుండా ఆపేటట్లు, వెలుపలి వలయంలోనే నీరు పెట్టాలి. బెరడు చుట్టూతా కుళ్లిన చెట్టు మాత్రం దక్కదు.

ట్రిస్టిజా (వైరస్ తెగులు), గ్రీనింగ్ (బ్యాక్టీరియా తెగులు) వంటివీ ఆకులను పసుపెక్కిస్తాయి, వాటికి మందు లేదు. మొదలు శుభ్రంగా ఉందని తేలిన తర్వాతే వాటిని అనుమానించండి.