గుణమే బలం – మూడవ పాఠం: తెలిసిన గుణానికి కొత్త దారి

గత పాఠంలో చెప్పిన ప్రకారం 24 గుణాల పట్టికలో మీవి అనిపించిన ఐదింటిని నోటుపుస్తకంలో రాసుకొని ఉంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, క్రిస్టఫర్ పీటర్‌సన్ 2004లో జ్ఞానం, ధైర్యం, మానవత, న్యాయం, నిగ్రహం, పరమార్థం అనే ఆరు సద్గుణాల కింద అమర్చిన పట్టిక అది. ఆ ఐదింటిలో ఈ వారానికి ఒక్కదాన్నే తీసుకోవాలి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు నేర్పునూ గుణాన్నీ ఒకటిగా చూడడం. వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే మనిషి చేతివాటం నేర్పు. తెగిన పోగును విసుక్కోకుండా వెతికి, ముడివేసి, మళ్లీ మొదలుపెట్టడం పట్టుదల. నేర్పు మగ్గం దగ్గరే ఆగిపోతుంది, పట్టుదల మాత్రం ఆ మనిషి సాయంత్రం బిడ్డకు లెక్కలు చెప్పడానికి కూర్చున్నప్పుడు కూడా వెంట వస్తుంది.

ఎవరూ చూడకపోయినా, మెచ్చుకోకపోయినా చేయాలనిపించి, చేశాక అలసటకు మారుగా హుషారునిచ్చేదే మీ గుణం. నేను మొదటిసారి నాయకత్వం అని రాసుకున్నాను, ఇంటికి పెద్ద కొడుకును కనుక అందరూ నా నుంచి కోరేది అదే. నాకు నిజంగా ప్రాణం లేచివచ్చేది కొత్త విషయం నేర్చుకుంటున్నప్పుడని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

అయితే గుణం తెలిసినంత మాత్రాన సరిపోదు. సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని తమ ముఖ్య గుణాలను గుర్తించి వాటిని ఇంకాస్త ఎక్కువగా వాడమన్నారు. మరికొందరిని వాటిలో ఒకదాన్ని వారం రోజులపాటు రోజుకొక కొత్త విధంగా వాడమన్నారు. మొదటివారిలో కలిగిన సంతోషం నిలవలేదు, రెండవవారిలో ఆరు నెలల తరువాత కూడా కనిపించింది. తమంతట తాము ముందుకు వచ్చినవారితో చేసిన ప్రయోగం కనుక అందరికీ అదే ఫలితం వస్తుందని నేను హామీ ఇవ్వను, కానీ ‘కొత్త విధంగా’ అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకోమంటాను.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల తూకం రాసే గుమాస్తాకు న్యాయబుద్ధి ముఖ్య గుణం అనుకుందాం. తూకం సరిగ్గా రాయడం అతను రోజూ చేసేదే, కనుక అది ఈ సాధన కిందికి రాదు. సోమవారం ఇంట్లో ఏ పని ఎవరి మీద ఎంత పడుతున్నదో గమనించి, భార్య చేస్తున్న వాటిలో ఒకటి తాను అందుకోవచ్చు. మంగళవారం, ఎప్పుడూ చివరికి మిగిలిపోయే హమాలీ మాటను ముందుగా అడగవచ్చు. బుధవారం, పొలం గట్టు తగాదాలో తమ్ముడి వాదనను అడ్డుపడకుండా ఆసాంతం వినవచ్చు. ఈ మూడవది అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే న్యాయబుద్ధి గలవారికి వినకముందే తీర్పు చెప్పే తొందర కూడా ఉంటుంది.

రోజూ పడుకునే ముందు ఎక్కడ వాడారో, మనసుకు ఎట్లా అనిపించిందో రెండు వాక్యాలు రాయండి. ఒకరోజు తప్పితే మరునాడు రెండు చేయనక్కరలేదు. ఆ పుటలను దాచి ఉంచండి. మీ గుణం ఎక్కడ హద్దు దాటుతున్నదో నాలుగవ పాఠంలో వాటిలోనే వెతుకుదాం.