చిన్నపిల్లల చేతివాటం: లక్షణం, కారణం, సరిదిద్దే దారి

షాపు నుంచి ఇంటికొచ్చాక పిల్లాడి జేబులో బిల్లులో లేని బొమ్మ కారు బయటపడింది. కోప్పడే ముందు రెండు సంగతులు చూడాలి: వాడి వయసెంత, ఆ కారు ప్యాకింగ్ ఎక్కడుంది?

మూడేళ్ల పిల్లలకు ‘నాది’ బాగా తెలుసు, ‘షాపువాళ్లది’ ఇంకా తెలియదు. ఐదారేళ్లకు డబ్బులివ్వకుండా తేవడం తప్పని తెలుస్తుంది కానీ, కళ్లెదురుగా నచ్చిన వస్తువుంటే చెయ్యి ఆగదు. తొమ్మిది పదేళ్లకు తెలిసీ చేస్తారు. ప్యాకింగ్ గుట్టు విప్పేది ఇక్కడే. అట్టతో సహా జేబులో ఉంటే అప్పటికప్పుడు పుట్టిన ఆశ అనుకోవచ్చు. అట్ట విప్పి, ట్యాగ్ తెంపి, వాటిని షాపులోనే ఏ అరల వెనకో దోపి వచ్చారంటే పట్టుబడతామన్న ఆలోచన ముందే ఉందన్నమాట.

లక్షణం: మొదటిసారి, చిన్న వస్తువు, పెద్దగా దాచలేదు

కారణం పైన చెప్పిందే, ఆశ. దీనికి మందు ఒక్కటే, తిరిగి ఇచ్చి రావడం. అదే రోజు, కుదరకపోతే మర్నాడు. వారం గడిస్తే చిన్న పిల్లల మనసులో ఆ పనికీ ఈ శిక్షకీ లంకె తెగిపోతుంది.

వెళ్లే ముందు షాపు మేనేజర్‌కు ఫోన్ చేసి విషయం చెప్పండి. ఇది మొహమాటపడి వదిలేయాల్సిన పని కాదు, ఎందుకంటే వ్యవహారం బెడిసికొట్టేది ఎక్కువగా కౌంటర్ దగ్గరే. ఒకాయన “పోనీలెండి, చిన్నపిల్లాడు, ఉంచుకోనివ్వండి” అంటాడు. ఇంకొకాయన “పోలీసులను పిలవమంటావా?” అని గుడ్లురుముతాడు. మొదటి మాటతో పిల్లాడికి వస్తువు దక్కుతుంది, రెండో మాటకు భయం తప్ప ఇంకేమీ మిగలదు. మేనేజర్ చేయాల్సింది వస్తువు తీసుకోవడం, “తెచ్చి ఇచ్చావు, మంచిది. ఇక డబ్బులివ్వకుండా తీసుకోకు” అనడం, అంతే.

రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. పిల్లాడు చెప్పాల్సిన వాక్యం ఇంట్లోనే ఒకటి రెండుసార్లు అనిపించండి: “అంకుల్, ఇది డబ్బులివ్వకుండా తీసుకెళ్లాను. సారీ. ఇదిగోండి.” గొంతు పెగలకపోతే మీరు చెప్పండి, వస్తువు మాత్రం వాడి చేతుల మీదుగానే ఇప్పించండి. తినేసినా, విరగ్గొట్టినా ఖరీదు కట్టాలి. పాకెట్ మనీలో కోత పెట్టండి, లేదా ఇంటి పనులు చేయించి ఆ లెక్కలో వేయండి. రెండు వారాల్లో తీరేలా చూసుకోండి. నెలల తరబడి సాగే అప్పును పిల్లలు అప్పుగా చూడరు, కక్షగా చూస్తారు.

ఆ తర్వాత ఆ మాట ఎత్తొద్దు. చుట్టాల ముందు అసలే వద్దు.

లక్షణం: అడిగితే బుకాయిస్తున్నారు

చాలాసార్లు ఇందుకు కారణం మన ప్రశ్నే. సంగతి తెలిసి కూడా “ఇది ఎక్కడిదిరా?” అని నిలదీస్తే, ఫ్రెండ్ ఇచ్చాడనో రోడ్డు మీద దొరికిందనో చెప్పడానికి మనమే దారి చూపించినట్టు. “ఈ కారు మన బిల్లులో లేదు. రేపు పొద్దున్న తిరిగిచ్చేద్దాం” అనండి. బుకాయించడానికి అక్కడ ప్రశ్నే ఉండదు.

దెబ్బలు పడే ఇంట్లో అబద్ధం ఇంకా ముదురుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలను పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. బెత్తం వాడే బడి పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, ఆడిన అబద్ధాన్ని దొరక్కుండా నిలబెట్టుకోవడంలోనూ వాళ్లే ముందున్నారు.

లక్షణం: సరిదిద్దినా మళ్లీ మళ్లీ జరుగుతోంది

ఇక తిరిగి ఇప్పించడం ఒక్కటే సరిపోదు. ఏం తెస్తున్నారో, తెచ్చింది ఎటు పోతోందో చూడండి.

తెచ్చినవన్నీ స్నేహితుల చేతికి పోతుంటే రెండు అనుమానాలు: స్నేహాన్ని కొనుక్కుంటున్నారు, లేదా ఎవరో బెదిరించి తెప్పిస్తున్నారు. టీచర్‌తో మాట్లాడాలి, అదీ పిల్లల ముందు కాదు. తినేవే తెచ్చి పరుపు కింద దాచుకుంటుంటే తిండి చాలడం లేదేమో, దొరుకుతుందన్న నమ్మకం పోయిందేమో చూడండి. ఇలాంటప్పుడు శిక్షించడం శుద్ధ తప్పు. తెచ్చిన వస్తువులు వాడకుండా పోగుపడుతుంటే ఇంట్లో ఈమధ్య ఏం మారిందో గుర్తు తెచ్చుకోండి: కొత్త పాపాయి, తల్లిదండ్రుల గొడవలు, ఎవరైనా పోవడం, ఇల్లు మారడం. ఇక ఆ వయసు పిల్లలకు పనికిరాని వస్తువులు, అంటే రేజర్ బ్లేడ్లు, ఖరీదైన క్రీములు లాంటివి కనిపిస్తే వెనక పెద్దవాళ్లెవరో ఉన్నారు.

చాలామంది తల్లిదండ్రులు “ఇది జబ్బేమో” అంటూ క్లెప్టోమేనియా పేరెత్తుతారు, అంటే అవసరం లేకపోయినా దొంగిలించాలన్న కోరికను ఆపుకోలేకపోవడం. అది అరుదైన జబ్బు. కాండక్ట్ డిజార్డర్ (ఇతరుల హక్కులను, నియమాలను పదేపదే కాలరాసే ప్రవర్తన సమస్య) అని నిర్ధారించాలన్నా దొంగతనం ఒక్కటే చాలదు. పదిహేను లక్షణాల్లో కనీసం మూడు గడిచిన 12 నెలల్లో కనిపించాలి, వాటిలో ఒకటైనా చివరి ఆరు నెలల్లో ఉండాలి. దొంగతనంతో పాటు జంతువులను హింసించడం, నిప్పంటించడం, ఇంటి నుంచి పారిపోవడం లాంటివీ ఉంటే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి.

లక్షణం: షాపులోనే పట్టుబడ్డారు

షాపువాళ్లు నలుగురి కళ్ల ముందు నుంచి పక్కకు తీసుకెళ్లాలి కానీ, ఒక్కరే పిల్లాడితో గదిలో తలుపు మూసుకుని కూర్చోకూడదు. ఇద్దరు పెద్దవాళ్లుండాలి, తలుపు తెరిచి ఉంచాలి. జేబులు తడమొద్దు, “ఉన్నవి బల్ల మీద పెట్టు” అంటే చాలు. ఫోన్ చేయాల్సింది తల్లిదండ్రులకు. సీసీ కెమెరా క్లిప్ వాట్సాప్‌లో పెట్టడం మాత్రం క్షమించరాని పని. పోయిన వస్తువు విలువ రేపటికి పూడుతుంది, ఆ వీడియో పిల్లాడితో పాటు పెరుగుతుంది.

వచ్చిన తల్లో తండ్రో అక్కడే చెంప పగలగొడితే పిల్లాడికి ఆ దెబ్బే గుర్తుంటుంది.

లక్షణం: “సార్, మీరే కాస్త భయం చెప్పండి” అని స్టేషన్‌కు తీసుకొచ్చారు

దీనికి కారణం తల్లిదండ్రుల నిస్సహాయత. పోలీసులు దాన్ని అర్థం చేసుకోవాలి, ఆ కోరిక మాత్రం తీర్చకూడదు. కుర్రాళ్లకు జైలు చూపించి, ఖైదీలతో కేకలేయించి భయపెట్టే కార్యక్రమాలు అమెరికాలో 1970ల నుంచీ ఉన్నాయి. వాటి మీద జరిగిన తొమ్మిది పరీక్షలను కలిపి పరిశీలిస్తే, జైలు చూసొచ్చినవాళ్లే చూడనివాళ్లకంటే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారని తేలింది.

చట్టం లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. నేర బాధ్యత వయసు, అంటే పిల్లల మీద నేరం మోపగలిగే కనీస వయసు, ఇంగ్లండ్‌లో 10, స్కాట్లాండ్‌లో 12, జర్మనీలో 14. భారతదేశంలో ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు. 7 నుంచి 12 మధ్య పిల్లలకు తాము చేసినదాన్ని అర్థం చేసుకునే పరిణతి ఉందా లేదా అన్నది చూస్తారు. కనీసం 14 ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో సూచించింది. పిల్లలను నిర్బంధించడం చిట్టచివరి మార్గంగానే, వీలైనంత తక్కువ కాలమే ఉండాలన్నది 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 37వ అధికరణం.

కాబట్టి సంకెళ్లు వద్దు, లాకప్ చూపించడమూ వద్దు. వీలైతే యూనిఫాం లేని అధికారి, పిల్లాడి ఎత్తుకు సరిపడా కూర్చుని, తల్లిదండ్రుల సమక్షంలో పది నిమిషాలు మాట్లాడితే చాలు. అడగాల్సినవి మూడు: ఎవరైనా తెమ్మన్నారా, ఇవాళ ఏమైనా తిన్నావా, ఇంటికెళ్లాలంటే భయమేస్తోందా? మూడో ప్రశ్నకు పిల్లాడు తండ్రి వంక చూసి ఆగిపోతే, ఆ ప్రశ్న మళ్లీ విడిగా అడగాలి, పిల్లల సంక్షేమ అధికారిని పిలిపించాలి. వెనక పెద్దవాళ్లున్నట్టు తేలితే కేసు వాళ్ల మీద నడుస్తుంది, ఈ పిల్లాడు అందులో బాధితుడు.

పంపించే ముందు తల్లిదండ్రులకు పక్కన చెప్పాల్సిన మాట, ఇంటికెళ్లాక కొట్టొద్దని. వారం తర్వాత ఒక ఫోన్ చేసి వస్తువు తిరిగిచ్చారా, ఖరీదు కట్టారా కనుక్కోవాలి. ఇచ్చేశారంటే స్టేషన్‌లో ఆ ఫైలు అక్కడితో మూసేయొచ్చు.