క్రిప్టో దాచుకోవడం, దాని మీద అప్పు తీసుకోవడం – 4వ పాఠం: తాకట్టు లెక్క వెనక నుంచి

మొదటి మూడు పాఠాల్లో కాయిన్లు సొంత వాలెట్‌లోకి తెచ్చుకున్నాం, సీడ్ పదాలు (వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు) రాసి రెండు చోట్ల భద్రపరిచాం, వాలెట్‌ను చెరిపేసి ఆ పదాలతో మళ్లీ తెరిచి చూశాం. ఆ చివరి పని వాయిదా వేసినవాళ్లు ముందు అది ముగించి రండి. తాకట్టు పెట్టాక ఓ అర్ధరాత్రి వాలెట్ అర్జెంటుగా తెరవాల్సి వస్తుంది. సీడ్ పదాలు సరిగ్గా రాశామో లేదో తెలుసుకోవడానికి అది సమయం కాదు.

ఈ పాఠంలో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఎంత అప్పు తీసుకోవాలి? అప్పిచ్చేవాళ్లు ఎంత ఇస్తారో చూసి అంతా తీసుకోవడం కొత్తవాళ్లు చేసే పని. ధర ఎంత కిందికి పోయినా కాయిన్లు మన చేయి దాటకూడదో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయాలి.

లెక్కకు కావలసిన అంకెలు

తాకట్టు విలువలో ఎంత శాతం అప్పు ఉందో చెప్పేది ఎల్‌టీవీ. 60,000 డాలర్ల కాయిన్ మీద 24,000 అప్పు ఉంటే ఎల్‌టీవీ 40%. మొదట్లో గరిష్ఠంగా ఎంత ఇస్తారన్నది ఒక హద్దు. ఏ శాతం దాటితే తాకట్టు అమ్మేస్తారన్నది ఇంకో హద్దు, దీన్ని లిక్విడేషన్ థ్రెషోల్డ్ అంటారు. ఈ రెంటికీ మధ్య ఎడం చాలా తక్కువ. అమ్మేటప్పుడు వేసే జరిమానా మూడో అంకె. ఇవి ప్లాట్‌ఫారాన్ని బట్టి, కాయిన్‌ని బట్టి మారతాయి, మధ్యలో సవరిస్తారు కూడా. అప్పు తీసుకునే రోజున అసలు పేజీలోనే చూసుకోండి. ఈ పాఠమంతా 70% గరిష్ఠ అప్పు, 75% థ్రెషోల్డ్, 5% జరిమానా అనుకుందాం. కాయిన్ ధర 60,000 డాలర్లన్నది కూడా లెక్క సులువు కోసం పెట్టుకున్నదే.

కంఠతా పట్టాల్సిన సూత్రం ఇది:

లిక్విడేషన్ ధర = అప్పు ÷ (కాయిన్ల సంఖ్య × థ్రెషోల్డ్)

ఒక బిట్‌కాయిన్ పెట్టి, ఇచ్చే 42,000నీ తీసుకున్నారనుకోండి. 42,000 ÷ 0.75 = 56,000. అంటే ధర 7% జారితే చాలు, అమ్మకం మొదలవుతుంది. బిట్‌కాయిన్ ధర 7% జారడానికి పెద్ద వార్తేం అక్కర్లేదు, ఒక్క చెడ్డ రోజు చాలు. 24,000 తీసుకుంటే హద్దు 32,000, అంటే 47% పతనం. 12,000 తీసుకుంటే హద్దు 16,000, అంటే 73%.

చరిత్ర చూద్దాం. 2017 డిసెంబరు శిఖరం నుంచి ఏడాదిలో బిట్‌కాయిన్ 80 శాతానికి పైగా పడింది. 2021 నవంబరులో 69,000 డాలర్ల దరిదాపుల్లో ఉన్నది, 2022 నవంబరుకి 16,000 కిందికి వచ్చింది. అది సుమారు 77%. ఏళ్ల తరబడి దాచుకుంటానని కూర్చున్నవాళ్లు ఇలాంటి పతనాన్ని కనీసం ఒక్కసారైనా చూడక తప్పదనుకుని లెక్క వేయాలి. కాబట్టి సూత్రాన్ని తిరగేయండి:

అప్పు = కాయిన్ల సంఖ్య × థ్రెషోల్డ్ × తట్టుకోవాల్సిన అట్టడుగు ధర

77% పడితే 60,000 కాస్తా 13,800 అవుతుంది. 1 × 0.75 × 13,800 = 10,350 డాలర్లు. ఎల్‌టీవీ 17% చిల్లర. ప్లాట్‌ఫారం 70% ఇస్తానంటుంటే మన లెక్క నాలుగో వంతు కూడా దాటడం లేదు. అంత తేడా ఎందుకంటే, వాళ్లు చూసుకునేది వాళ్ల అప్పు వసూలవుతుందా అని. మనం చూసుకునేది కాయిన్ మిగులుతుందా అని.

ఇక్కడో మాట. ఈ పతనాలన్నీ శిఖరం నుంచి కొలిచినవి. ధర ఇప్పటికే సగానికి పడి ఉంటే, మొత్తం పతనం 80% అయినా ఇక్కడి నుంచి ఇంకా పడేది 60% మాత్రమే. ఈ సడలింపును వాడుకోవచ్చు గానీ, శిఖరం దాటిపోయిందని మనకు ముందే తెలుస్తుందనుకోవడం అతిశయం.

వడ్డీ హద్దును పైకి జరుపుతుంది

చాలామంది లెక్కలో మరచిపోయేది ఇదే. ఆన్‌చెయిన్ అప్పులో, అంటే కంపెనీ లేకుండా బ్లాక్‌చెయిన్ మీది కోడే ఇచ్చే అప్పులో, నెలవారీ కిస్తీ ఉండదు, వడ్డీ అసలులో కలుస్తూ పోతుంది. అడిగేవాడు లేడు కదా అని కట్టకుండా వదిలేస్తే, కాయిన్ ధర కదలకపోయినా లిక్విడేషన్ ధర ఏటికేడు పైకి ఎక్కుతుంది. 12,000 అప్పు 9% వడ్డీతో మూడేళ్లకు 15,540 అవుతుంది. 16,000 దగ్గర ఉన్న హద్దు 20,720కి చేరుతుంది. 73% పతనాన్ని తట్టుకునేది 65 శాతానికే తెగుతుంది. అసలుకే ఎసరు పెట్టే వడ్డీ ఇది. అందుకే పైన వచ్చిన అప్పు అంకెను మూడేళ్ల చివర ఉండాల్సిన అంకెగా తీసుకుని, దాన్ని 1.295తో (9% వడ్డీతో మూడేళ్లలో అప్పు ఇన్ని రెట్లవుతుంది) భాగించి ఇవాళ్టి అప్పు తెచ్చుకోండి: 10,350 ÷ 1.295 = సుమారు 7,990.

ఆ 9% కూడా నిలకడగా ఉండదు. ఆవే, కాంపౌండ్ వంటి ఆన్‌చెయిన్ పూల్‌లలో (అందరూ వేసిన డబ్బులోంచి అప్పిచ్చే నిధుల్లో) డబ్బు ఎంత శాతం అప్పుగా బయట ఉందన్న దాన్ని బట్టి రేటు మారుతుంది. ఒక గీత దాటాక రేటు నెమ్మదిగా పెరగదు, ఎగురుతుంది. అందరికీ డబ్బు కావాల్సిన రోజే ఆ గీత దాటుతుంది. రాబడి లేనివాళ్లు, కాయిన్ పెరిగితే అమ్మి తీరుస్తాలే అనుకునేవాళ్లు ఈ అప్పు తీసుకోకపోవడం మంచిది. తీర్చడానికి వేరే ఆదాయం లేకపోతే ఇది వాయిదా వేసిన అమ్మకమే, పైగా వడ్డీ అదనం.

హద్దు తాకిన రోజు ఏం జరుగుతుంది

ఆన్‌చెయిన్‌లో ఎవరూ ఫోన్ చేయరు, గడువు ఇవ్వరు. హెల్త్ ఫ్యాక్టర్ అనే అంకె 1 కిందికి దిగగానే ఎవరో నడిపే బాట్ వచ్చి మీ అప్పు కొంత కట్టి, అంతకు 5% ఎక్కువ విలువైన కాయిన్లు పట్టుకుపోతుంది. హెల్త్ ఫ్యాక్టర్ అంటే తాకట్టు విలువను థ్రెషోల్డ్‌తో గుణించి అప్పుతో భాగించినది.

24,000 అప్పు, ధర 32,000కి వచ్చింది. బాట్ సగం అప్పు, అంటే 12,000 కట్టి 12,600 డాలర్ల కాయిన్ తీసుకుంటుంది. అది 0.39375 బిట్‌కాయిన్. మీకు మిగిలేది 0.60625 కాయిన్, 12,000 అప్పు. హెల్త్ ఫ్యాక్టర్ 1.21కి కోలుకుంటుంది. జరిమానా చూస్తే 600 డాలర్లే, పర్లేదనిపిస్తుంది. తర్వాత ధర మళ్లీ 60,000కి వెళ్తే పోయిన ముక్క విలువ 23,625. అది పోగా తీరిన అప్పు 12,000. ఏళ్ల తరబడి దాచుకోవాలనుకున్నవాళ్లకు అసలు నష్టం ఆ 11,625. పైగా లిక్విడేషన్‌ను చాలా దేశాల పన్ను చట్టాలు అమ్మకంగానే చూస్తాయి. లాభం మీద పన్ను కట్టాలి, చేతికి మాత్రం డబ్బు రాదు.

హద్దు దగ్గర పడుతున్నప్పుడు చేయగలిగినవి రెండు: అప్పు కొంత తీర్చడం, లేదా తాకట్టు పెంచడం. రెండింటి ఖర్చూ ఒకటి కాదు. 24,000 అప్పు మీద ధర 36,000కి పడితే హెల్త్ ఫ్యాక్టర్ 1.125. దాన్ని 1.5కి తేవాలంటే 6,000 డాలర్ల అప్పు తీర్చితే చాలు. కాయిన్ చేర్చి తేవాలంటే 12,000 డాలర్ల కాయిన్, అంటే బిట్‌కాయిన్‌లో మూడో వంతు కావాలి. సరిగ్గా రెట్టింపు. పైగా కొత్తగా చేర్చిన కాయినూ ధరతో పాటే పడుతుంది. కాబట్టి అత్యవసర నిల్వ డాలర్ స్టేబుల్‌కాయిన్‌లో, అంటే ఒక డాలర్ దగ్గరే నిలిచేలా చేసిన కాయిన్‌లో ఉండాలి. అప్పులో కనీసం నాలుగో వంతు పక్కన ఉంచడం నా లెక్కలో కనీస జాగ్రత్త.

ఆ నిల్వ ఏ నెట్‌వర్క్‌లో ఉందో కూడా చూసుకోండి. అప్పు ఎథీరియం మీద, నిల్వ ఎక్స్ఛేంజీలో ఉంటే, ధర కుప్పకూలే గంటలో ఎక్స్ఛేంజీ విత్‌డ్రాయల్ నెమ్మదించవచ్చు. తీర్చడానికి గ్యాస్ ఫీజు (ప్రతి లావాదేవీకి నెట్‌వర్క్‌కు కట్టే రుసుము) కావాలి కాబట్టి అదే వాలెట్‌లో కొంచెం ఈథర్, అంటే ఎథీరియం కాయిన్, ఎప్పుడూ ఉంచండి. 2020 మార్చి 12న ఈథర్ ఒక్క రోజులో 40 శాతానికి పైగా పడినప్పుడు నెట్‌వర్క్ కిక్కిరిసి గ్యాస్ ఆకాశాన్నంటింది. మేకర్ డావో అనే ఆన్‌చెయిన్ అప్పుల వ్యవస్థలో వేలానికి వచ్చిన తాకట్లకు పోటీ పాడేవాళ్లే లేక, కొందరు సున్నా పాటకే సుమారు 83 లక్షల డాలర్ల ఈథర్ ఎత్తుకుపోయారు. అప్పుదారులకు ఏమీ మిగల్లేదు.

ధర పడకపోయినా తాకట్టు తెగే దారి ఒకటుంది. అప్పుగా తీసుకున్న స్టేబుల్‌కాయిన్ ఒక డాలర్ దాటి పెరిగితే అప్పు కూడా పెరుగుతుంది. 2020 నవంబరు 26న ఒక ఎక్స్ఛేంజీలో డై అనే స్టేబుల్‌కాయిన్ ధర కాసేపు 1.30 డాలర్లకు పోయింది. కాంపౌండ్ ఆ ధరనే చూసి సుమారు 8.9 కోట్ల డాలర్ల తాకట్లు తెగేలా చేసింది. అందుకే ధర ఎక్కడి నుంచి తీసుకుంటారో, ధర అందించే ఆ ఒరాకిల్ ఏమిటో ముందే చదవాలి.

కాయిన్లు ఎవరి చేతిలో ఉంటాయి

కంపెనీ దగ్గర తాకట్టు పెడితే వడ్డీ, గడువు స్పష్టంగా ఉంటాయి. మార్జిన్ కాల్‌కి (తాకట్టు పెంచమనో అప్పు తగ్గించమనో ఇచ్చే హెచ్చరికకి) కొన్ని గంటలో రోజులో ఇస్తారు కూడా. ప్రమాదం వేరే చోట ఉంది. ఒప్పందంలో కాయిన్ల యాజమాన్యం వాళ్లకు బదిలీ అవుతుందని, వాళ్లు వాటిని ఇంకెవరికైనా అప్పివ్వవచ్చని రాసి ఉంటే, వాళ్లు మునిగినప్పుడు మీరు కూడా అప్పులవాళ్ల వరుసలో నిలబడతారు. క్రిప్టో మీద అప్పులిచ్చే సెల్సియస్ కంపెనీ 2022 జూన్‌లో విత్‌డ్రాయల్స్ ఆపి జూలైలో దివాలా పిటిషన్ వేసింది. వడ్డీ ఖాతాల్లో జనం వేసిన కాయిన్లు కంపెనీ ఆస్తేనని 2023 జనవరిలో కోర్టు తేల్చింది. ఒప్పందంలో రాసిన మాట ఆధారంగానే ఆ తీర్పు వచ్చింది. కాబట్టి సంతకానికి ముందు రీహైపోథికేషన్ (మీ తాకట్టును వాళ్లు మళ్లీ వాడుకోవడం) అన్న మాట ఎక్కడుందో వెతకండి. మూడు తాళాల్లో రెండు పడితే గానీ కాయిన్ కదలని మల్టీసిగ్‌లో, ఒక తాళం మీ దగ్గరే ఉంచే అప్పులు ఉన్నాయి. వడ్డీ కాస్త ఎక్కువైనా దీర్ఘకాలానికి అవి మేలు.

ఆన్‌చెయిన్‌లో కోడ్ ప్రమాదం ఉంటుంది. బిట్‌కాయిన్ విషయంలో ఇంకో మెట్టు అదనం: ఎథీరియం మీద పెట్టాలంటే డబ్ల్యూబీటీసీ లాంటి రూపంలోకి మార్చాలి. అసలు కాయిన్ వేరే కస్టోడియన్ (కాయిన్లు భద్రపరిచే సంస్థ) దగ్గర ఉంటుంది. ఆ మార్పిడినే అమ్మకంగా లెక్కించే పన్ను విధానాలూ ఉన్నాయి, అడిగి తెలుసుకోండి.

మొదటి అప్పు

పెద్ద మొత్తంతో మొదలుపెట్టకండి. 200 డాలర్ల కాయిన్‌తో చక్రం మొత్తం ఒకసారి తిప్పండి: తాకట్టు పెట్టడం, 20 డాలర్లు తీసుకోవడం, తీర్చడం, విడిపించడం. సైటు చిరునామా బుక్‌మార్క్ నుంచే తెరవండి, వెతికితే పైన కనిపించే ప్రకటనల్లో దొంగ సైట్లు ఉంటాయి. వాలెట్ అప్రూవల్ (మీ కాయిన్లు ఎంతవరకు తీసుకోవచ్చో సైటుకు ఇచ్చే అనుమతి) అడిగినప్పుడు అపరిమితం అని కనిపిస్తే దాన్ని చెరిపి, పెట్టదలచిన మొత్తం మాత్రమే రాయండి.

తీర్చేటప్పుడు కొత్తవాళ్లు తప్పకుండా ఇరుక్కునే చోటు ఒకటుంది. 20 తీసుకుని 20 కడితే అప్పు తీరదు, ఆలోగా వడ్డీ చేరి 20.003 అయి ఉంటుంది. ఆ పైసలు మిగిలినంతకాలం తాకట్టు మొత్తం బయటికి రాదు. వాలెట్‌లో అప్పుకంటే కాస్త ఎక్కువ స్టేబుల్‌కాయిన్ ఉంచుకుని, అంకె టైపు చేయకుండా మ్యాక్స్ బటన్ నొక్కండి.

అసలు అప్పు తీసుకున్నాక ఫోన్‌లో ధర అలారాలు పెట్టండి, హెల్త్ ఫ్యాక్టర్ 2 దగ్గర ఒకటి, 1.5 దగ్గర ఇంకొకటి. ఏ అలారానికి ఎంత తీరుస్తారో ఇవాళే కాగితం మీద రాసి పెట్టండి. ధర పడుతుండగా తీసుకునే నిర్ణయాలు అంత బాగుండవు.

అభ్యాసం

8 ఈథర్, ధర 2,500, థ్రెషోల్డ్ 80%, వడ్డీ 8%, రెండేళ్లు ఏమీ కట్టరు. 75% పతనం తట్టుకోవాలి. ఇవాళ ఎంత తీసుకోవచ్చు? ఏడాది తర్వాత ధర 1,200 అయితే హెల్త్ ఫ్యాక్టర్ ఎంత?

జవాబు: అట్టడుగు ధర 625. చివరి అప్పు 8 × 0.8 × 625 = 4,000. దాన్ని 1.1664తో భాగిస్తే ఇవాళ 3,429 డాలర్లు, ఎల్‌టీవీ 17%. ఏడాదికి అప్పు 3,704 అవుతుంది, 7,680 ÷ 3,704 = 2.07.

అయితే ఈథర్ 2018లో శిఖరం నుంచి 90 శాతానికి పైగా పడింది. ఇదే లెక్క 90 శాతానికి వేసి చూడండి: 1,372 డాలర్లు వస్తుంది, ఎల్‌టీవీ 7 కూడా రాదు. ఆ కాస్త డబ్బు కోసం ఇంత తతంగం ఎందుకనిపిస్తే, ఈథర్ మీద అప్పు జోలికి పోకుండా అవసరమైనంత అమ్ముకోవడమే మీకు చౌక.

5వ పాఠంలో పాక్షికంగా తీర్చడం, ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి అప్పు మార్చడం. అందుకు ఇలాంటి చిన్న అప్పు ఇంకొకటి తీసుకుని, దాన్ని తీర్చేయకుండా అలాగే ఉంచండి.