చిన్నప్పటి స్కీ కొండ మూతపడిందా? దాని ఆనవాళ్ళు వెతికి పట్టుకోవడం ఎలా

నాన్న ఉద్యోగం వల్ల మేము అమెరికాలోని మాసాచుసెట్స్ వెళ్ళేసరికి నాకు ఎనిమిదేళ్ళు, అప్పటిదాకా మంచు అంటే ఫ్రిజ్‌లో పైఅర గోడలకి పేరుకునేదే. హోల్యోక్‌లో మౌంట్ టామ్ అని ఒక స్కీ కొండ, అంటే కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే కొండ, ఉండేది. పైనుంచి కిందికి 680 అడుగులే, కానీ రాత్రిపూట లైట్లు వేసి నడిపేవాళ్ళు, బడి అయ్యాక కూడా వెళ్ళొచ్చు. అమ్మ పులిహోర డబ్బా కట్టి కింద స్కీ చేసేవాళ్ళు కాసేపు ఆగే లాడ్జ్‌లో కూర్చునేది, నేనూ చెల్లీ తడిసిన గ్లోవ్స్ తీసి ఎర్రబడ్డ చేతుల్తో అది తినేసి మళ్ళీ పరిగెత్తేవాళ్ళం. 1962లో మొదలైన ఆ కొండ 1998లో మూతపడింది. చాలా ఏళ్ళ తర్వాత వెళ్ళి వెతుక్కున్నా, ఎలా వెతకాలో నాకు తెలిసింది మీకు చెప్తా. న్యూ ఇంగ్లండ్‌లో (అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాలు) పెరిగిన మనవాళ్ళు చాలామందికి ఇలాంటి కొండ ఒకటి ఉండే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు, నెట్‌లో ఏదీ చూడకముందే, ఒక కాగితం మీద మీకు గుర్తున్న కొండ గీయండి. లిఫ్ట్ (తీగకి వేలాడే కుర్చీల్లో పైకి తీసుకెళ్ళేది) ఎక్కడ, లాడ్జ్ ఎక్కడ, ఏ మలుపులో పడ్డారు, అన్నీ. ఒకసారి పాత ఫొటోలు చూశారంటే మీ జ్ఞాపకం ఏదో, ఫొటోలో చూసింది ఏదో మీకే తెలీకుండా కలిసిపోతాయి. గీశాక అమ్మావాళ్ళ ఆల్బమ్స్ తీయండి, పాత జాకెట్ జిప్పులు కూడా చూడండి, లిఫ్ట్ టికెట్ వైరు ముక్కతో సహా దానికే వేలాడుతూ ఉండొచ్చు, దాని మీద తేదీ ఉంటుంది.

తర్వాత మ్యాపులు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళ పాత టోపో మ్యాపులు (కొండల ఎత్తుపల్లాలు చూపించేవి) టోపోవ్యూ అనే సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ఒకే చోటుకి వేరువేరు ఏళ్ళవి దించుకుని పక్కపక్కన పెట్టుకోండి. స్కీ లిఫ్ట్ ఉంటే కొండ మీదకి తిన్నగా ఒక గీత కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పాత శాటిలైట్ ఫొటోలు కూడా వెనక్కి జరిపి చూడొచ్చు, చలికాలంలో తీసినవి దొరికితే ఇంకా మంచిది, చెట్ల మధ్యలో ట్రైల్స్ (జారే దారులు) తెల్లటి చారల్లా బయటపడతాయి. న్యూ ఇంగ్లండ్ లాస్ట్ స్కీ ఏరియాస్ ప్రాజెక్ట్ అని 1998 నించి మూతపడ్డ కొండల వివరాలు పోగుచేస్తున్నవాళ్ళున్నారు, మీ కొండ పేరుతో అక్కడ తప్పకుండా వెతకండి. ఆ లిస్టు చూస్తే గుండె బరువెక్కుతుంది, వందల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద 1982-83 సీజన్‌లో 735 స్కీ ఏరియాలు నడిచేవి, ఇప్పుడు 500 కన్నా తక్కువ. వెర్మాంట్‌లో స్కీ చేస్తూ దెబ్బ తగిలిన ఒకతనికి 15 లక్షల డాలర్లు ఇవ్వాలని 1970ల చివర్లో తీర్పు వచ్చాక ఇన్సూరెన్స్ ఖర్చు ఎగబాకింది, మంచు సరిగ్గా పడని ఏడాది దాన్ని మెషీన్లతో చేసుకోవాలి, దానికి కరెంటు, నీళ్ళు, పైపులు, పైగా హైవేలు వచ్చాక జనం ఇంకో గంటన్నర కారు నడిపి పెద్ద కొండలకే పోవడం మొదలెట్టారు. చిన్న కొండ ఇవన్నీ ఎక్కడ తట్టుకుంటుంది చెప్పండి.

వెళ్ళే ముందు ఆ స్థలం ఇప్పుడు ఎవరిదో కనుక్కోండి, ఇది మాత్రం వదలొద్దు. మౌంట్ టామ్‌నే తీసుకుంటే 2002లో నాలుగు సంస్థలు కలిసి కొన్నాయి, కొంత ఫెడరల్ వైల్డ్‌లైఫ్ వాళ్ళది, కొంత రాష్ట్రానిది, కొంత పిల్లల క్లబ్‌ది, అంటే ఒక ముక్కలో తిరగనిచ్చారు కదా అని పక్క ముక్కలో తిరగనిస్తారని లేదు. అడిగి వెళ్ళండి. పాడుబడ్డ బిల్డింగుల్లోకి మాత్రం ఎవరు రమ్మన్నా వెళ్ళొద్దు, పుచ్చిన చెక్క ఫ్లోర్ కాలు పెట్టేదాకా గట్టిగానే కనిపిస్తుంది.

ఆకులు రాలిపోయాక, మంచు పడకముందు వెళ్తే బాగా కనిపిస్తుంది. అది వేట సీజన్ కూడా, ఆరెంజ్ రంగు జాకెట్ వేసుకోండి, సాక్స్‌ని ప్యాంటు మీదకి లాక్కోండి, అక్కడ టిక్స్ (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు) ఎక్కువ, ఇంటికొచ్చాక పిల్లల్ని చెవుల వెనక కూడా చూడండి.

ఇక కొండ మీద ఏం చూడాలంటే, ముందు చెట్లు. పాత ట్రైల్‌లో అన్నీ ఇంచుమించు ఒకే వయసు సన్న చెట్లుంటాయి, బర్చ్ లాంటివి, రెండు పక్కలా మాత్రం లావుపాటి పాత చెట్లు. ఆ తేడా ఒకసారి కంటికి దొరికిందంటే ఇక అడివి మధ్యలో రోడ్డు ఉన్నట్టే కనిపిస్తుంది. ట్రైల్ వంకర తిరుగుతుంది, లిఫ్ట్ మాత్రం ఎప్పుడూ తిన్నగా పోతుంది, అందుకని వరసలో కాంక్రీట్ దిమ్మలు వెతకండి. టవర్లు కోసి పట్టుకుపోయినా దిమ్మలు మిగుల్తాయి. నాకు దొరికిన మొదటిది నాచు పట్టి, ఆకుల కింద సగం పూడిపోయి ఉంది, మీద నాలుగు బోల్టులు, ఒకటి వంగిపోయింది, చేత్తో తుడిస్తే అరచేతికంతా తుప్పు. అక్కడే కూర్చుండిపోయా. ఎన్నిసార్లు ఆ దిమ్మ మీదుగా కాళ్ళు ఊపుకుంటూ వెళ్ళి ఉంటామో. బోల్టు కాదు కదా చిన్న ముక్క కూడా తెచ్చుకోవద్దు, ఫొటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో పెట్టి తీస్తే తర్వాత మ్యాపు మీద పెట్టుకోవచ్చు.

పిల్లలు విసిగిపోతే హోల్యోక్ ఊళ్ళోకి తీసుకెళ్ళండి, ఆ కొండ కిందే ఉన్న మౌంటెన్ పార్క్ అనే అమ్యూజ్‌మెంట్ పార్కు 1987లో మూతపడితే అందులోని రంగులరాట్నాన్ని ఊరివాళ్ళు డబ్బులు పోగేసి కాపాడుకున్నారు, 1993 నించి ఊరి మధ్యలో తిరుగుతోంది.

చివరగా, పెద్దవాళ్ళని ఇప్పుడే అడగండి, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి. "అప్పట్లో ఎలా ఉండేది" అంటే "బానే ఉండేదమ్మా" అని ఊరుకుంటారు. నేను దిమ్మ దగ్గర్నించే విజయవాడకి వీడియో కాల్ చేసి "నాన్నా, మనం కారు ఎక్కడ పెట్టేవాళ్ళం" అని అడిగా. అంతే, గేటు దగ్గర గుంటలో చక్రం దిగబడ్డ రాత్రి నించి మొదలెట్టి, తోసి పెట్టిన ఆ ముసలాయన టోపీ రంగు దాకా అరగంట చెప్పారు.