పాత కారుకి లోకల్ పార్టా, కంపెనీ పార్టా: వైజాగ్ ఉప్పుగాలిలో సమస్య - పరిష్కారం

మా వేగన్ఆర్ 2007 మోడల్. లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల రేకుల షెడ్డులో ఉంటుంది. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. అప్పట్నుంచి రిపేరు షెడ్డుకి వెళ్లినప్పుడల్లా మెకానిక్ అడిగేది ఒకటే: "లోకల్ వేసేయమంటారా సార్, కంపెనీదా?"

ఇదివరకు ధర విని జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు రెండు సంగతులు చూస్తున్నాను. ఆ పార్టు దారిలో పోతే ఏమవుతుంది? దాన్ని విప్పి బిగించడానికి లేబర్ ఎంత? అసలు పోయింది ఆ పార్టేనా అన్నది వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన మాట. అందుకే లక్షణం దగ్గర్నుంచి మొదలుపెడుతున్నాను.

కౌంటర్ దగ్గర దొరికేవి ఏమిటి

షోరూమ్ పెట్టెలో వచ్చేది ఒక రకం. ఆ పార్టుని కార్ల కంపెనీ చాలావరకు తను తయారు చేయదు, బాష్, వాలియో, రాణే లాంటి సప్లయర్ల దగ్గర చేయించుకుంటుంది. వాళ్లే తమ పేరుతో వేరే పెట్టెలో అమ్మేది రెండో రకం. పాత బండికి నా ఓటు ఎక్కువగా దీనికే, నాణ్యత నమ్మకంగా ఉంటుంది, ధర కాస్త తక్కువ. పేరు పెద్దగా తెలియని లోకల్ సరుకు మూడోది. అందులో పనికొచ్చేవీ ఉంటాయి. నాలుగోది డూప్లికేట్, అంటే పేరున్న కంపెనీ పెట్టెలో లోకల్ సరుకు. లోకల్ని లోకల్ అని చెప్పి అమ్మేవాడితో నాకు పేచీ లేదు.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు సరిగ్గా పట్టడం లేదు

అరకు నుంచి తిరిగొస్తూ అనంతగిరి మలుపుల్లో చాలామందికి అనుభవమయ్యేదే. పెడల్ మీద కాలు పెట్టినప్పుడు ఏం తెలుస్తోందో గుర్తుపెట్టుకోండి, కారణం అక్కడే దొరుకుతుంది.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే బ్రేకు ప్యాడ్లు (డిస్కుని నొక్కి చక్రాన్ని ఆపేవి) వేడెక్కిపోయాయని. నాసిరకం ప్యాడ్లలో పొడిని పట్టి ఉంచే రెసిన్ ఆ వేడికి మాడి, డిస్కు మీద పట్టు పోతుంది. ఊళ్లో, బీచ్ రోడ్డు మీద ఈ తేడా తెలియనే తెలియదు. నేనూ అందుకే ఏడాదిపాటు లోకల్ ప్యాడ్లతో నిశ్చింతగా తిరిగాను. ఓ డిసెంబరులో ఘాట్ సగం దిగేసరికి ముందు చక్రాల నుంచి కాలిన వాసన. బండి పక్కకి ఆపి అరగంట కూర్చున్నాం. తర్వాత విప్పి చూస్తే ప్యాడు ముఖం నల్లగా, అద్దంలా నిగనిగలాడుతోంది, అంచుల్లో పగుళ్లు.

పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే ప్యాడ్లని అనకండి, చూడాల్సింది బ్రేక్ ఆయిల్. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, వైజాగ్ గాలిలో తేమకి కరువా! కొత్త డాట్ 3 (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. తేమ పట్టాక ఆ హద్దు 140 వరకు దిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు పడదు. ఈ లక్షణానికి ఎంత ఖరీదైన ప్యాడ్లు వేయించినా డబ్బు దండగే.

పరిష్కారం: ప్యాడ్లు షోరూమ్‌వి గానీ, పేరున్న సప్లయర్‌వి గానీ వేయించండి. ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మార్చి గాలి తీయించండి. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద ఏ డాట్ నంబరు రాసుంటే అదే పోయించాలి. ప్యాడ్లు కొత్తగా వేయించాక మొదటి 200 కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దు. ఘాట్‌లో రెండో గేరులో దిగండి, ఏ ప్యాడ్లయినా ఇది తప్పదు.

ఊళ్లో కీచుమనే శబ్దం మాత్రం వేరే సంగతి. ప్యాడు వెనక ఉండే పల్చటి రేకులు లోకల్ సెట్‌లో రాకపోవచ్చు, పాతవాటిని మెకానిక్ పారేసి ఉండొచ్చు. ముందు అవి ఉన్నాయో లేదో చూడమనండి.

ఇంజన్ హీటెక్కుతోంది

"హీటెక్కుతోంది" అని మాత్రం చెప్తే రేడియేటర్ నుంచి హెడ్ గ్యాస్కెట్ దాకా బిల్లు పెరుగుతూ పోతుంది. ఎప్పుడు ఎక్కుతోందో చెప్పండి.

గాజువాక ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వేడి చూపించే ముల్లు పైకెళ్లి, హైవే ఎక్కగానే దిగితే అది ఫ్యాన్ పని: మోటారు, రిలే, లేదా ఫ్యాన్ని ఆన్ చేసే స్విచ్. నిలబడ్డప్పుడు బాగుండి సింహాచలం కొండ ఎక్కేటప్పుడు పెరిగితే రేడియేటర్ లోపల పూడిపోయిందనో, కూలెంట్ తగ్గిందనో, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్లోకి వదిలే వాల్వ్) పూర్తిగా తెరుచుకోవడం లేదనో అనుమానించాలి. ఇంజన్ ఆపాక పక్క డబ్బాలోకి నీళ్లు పొంగితే మొదట మార్చాల్సింది రేడియేటర్ క్యాప్.

క్యాప్‌ని ఎవరూ లెక్కచేయరు గానీ దానిది చిన్న పని కాదు. అందులోని స్ప్రింగ్ లోపల ప్రెషర్ నిలబెడితేనే నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. 0.9 బార్ క్యాప్ అయితే దాదాపు 118 డిగ్రీల దాకా ఆగుతుంది. స్ప్రింగ్ వదులైన లోకల్ క్యాప్‌తో ఆ వెసులుబాటు పోతుంది. పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే కొనండి, బండి పూర్తిగా చల్లారాకే తిప్పండి.

థర్మోస్టాట్ పాడైతే "తీసేద్దాం సార్, మన ఎండలకి ఎందుకది" అంటారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దీన్ని మంచిదే కొనండి. కొత్తదాన్ని బిగించేముందు గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేస్తే కళ్ల ముందే తెరుచుకోవాలి. మా వంటింట్లో ఈ ప్రయోగం చేసినందుకు తిట్లు తిన్నాను, కానీ తెచ్చిన రెండింటిలో ఒకటి తెరుచుకోలేదు. ఇక బోరు నీళ్లు పోయడం మానండి. రేడియేటర్ని పూడ్చేసేది ఆ ఉప్పే.

స్పీడ్ బ్రేకర్ మీద టకటక, స్టీరింగ్ తిప్పితే టక్కు

చిన్న చిన్న గతుకుల్లో టకటకమంటే లింక్ రాడ్లు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు పైనుంచి టక్కుమంటే షాకబ్జార్బర్ మౌంటింగ్. బ్రేకు వేసినప్పుడల్లా కింద ధడ్‌మంటే చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు. బానెట్ మూలని నొక్కి వదిలితే బండి రెండు మూడుసార్లు ఊగుతుంటే షాకబ్జార్బర్ అయిపోయినట్టే.

మన ఊళ్లో పార్టు ధరని లేబర్ మింగేసేది ఇక్కడే. ఉప్పుగాలికి లోయర్ ఆర్మ్ బోల్టు తుప్పుపట్టి బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోతుంది. మా బండిది రాత్రంతా ఆయిల్ కొట్టి నానబెట్టినా కదల్లేదు, చివరికి గ్యాస్‌తో కోశారు. మూడు వందలు మిగులుతాయని అప్పుడు లోకల్ బుష్ వేయించాను. ఎనిమిదో నెలలో రబ్బరు చీలి లోపలి గొట్టం విడిగా వచ్చేసింది. మళ్లీ విప్పుడు, మళ్లీ లేబర్, మళ్లీ అలైన్‌మెంటు. విప్పడం కష్టమైన చోట లోకల్ వేయించకూడదని ఆ రోజు తెలిసొచ్చింది. బిగించేటప్పుడు బోల్టుకి గ్రీజు పూసి, బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి టైటు చేయమనండి. గాలిలో వేలాడదీసి టైటు చేస్తే బుష్ మెలిపడే ఉండి, మంచిదైనా తొందరగా చిరుగుతుంది.

పొద్దున్న స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు గలగల

వాల్వ్‌లే అనుకుని ఇంజన్ విప్పించకండి, ముందు ఆయిల్ ఫిల్టర్ చూడండి. అందులో ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే రబ్బరు వాల్వ్ ఉంటుంది. చౌక ఫిల్టర్లో అది గట్టిపడి రాత్రికి ఆయిల్ దిగిపోతుంది, పొద్దున్న మళ్లీ పైకెక్కేదాకా ఆ చప్పుడు. మంచి ఫిల్టర్ వేసి వారం చూడండి. అప్పటికీ పోకపోతే వాల్వ్‌ల సంగతి ఆలోచించవచ్చు.

ఏ లక్షణమూ చూపించనిది

టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్ వాల్వ్‌లు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే బెల్టు. తెగేదాకా చప్పుడుండదు, తెగితే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది, కొన్ని ఇంజన్లలో వాల్వ్‌లు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి. మాన్యువల్లో రాసిన కిలోమీటర్లకే మార్చండి, తక్కువ తిరిగే బండికి ఏళ్లు లెక్కపెట్టండి. టెన్షనర్ బేరింగ్ కూడా అప్పుడే మార్చాలి. బేరమాడకండి.

లోకల్, సెకండ్ హ్యాండ్ చాలినవి

వైపర్ బ్లేళ్లు, మడ్‌ఫ్లాపులు, డోర్ హ్యాండిల్, లోపలి ప్లాస్టిక్కులు, బంపర్ క్లిప్పులు లోకల్ వేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా బండి వెనక అద్దం పోతే ఆటోనగర్‌లో తుక్కు బండి అద్దం తెచ్చి వేయించాం. ఈ రోజుకీ అదే. బానెట్ మీద కొమ్మ చేసిన సొట్ట కూడా అలాగే ఉంది, దానికి ఖర్చుపెట్టే ఉద్దేశం లేదు. ఆల్టర్నేటర్ లాంటివి కూడా అక్కడ పరీక్షించి తెచ్చుకోవచ్చు. రబ్బరు ఉన్నవి, బ్రేకువి మాత్రం తుక్కు నుంచి తేకూడదు.

డూప్లికేట్ అంటగట్టారని అనుమానం

పాత పార్టు చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. బరువు, పోత పోసిన అంచులు, చెక్కిన నంబరు పోల్చండి. నాసి రబ్బరు గోటితో నొక్కితే గుంట అలాగే నిలుస్తుంది, చేతికి మసి అంటుకుంటుంది. పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారుచేసిన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా ఉండాలి. బిల్లు ఇవ్వనంటే కొనకండి. మెకానిక్ తెచ్చే పార్టయితే మీ ఎదురుగానే పెట్టె విప్పమనండి, విప్పిన పాతదాన్ని అదే పెట్టెలో వేసి ఇంటికి తెచ్చుకోండి.

హెడ్‌లైట్లు మసక, పొద్దున్న సెల్ఫ్ నీరసం

బల్బులు మార్చాను, బ్యాటరీ మార్చాను, రెండూ మంచి కంపెనీవే. ఫలితం లేదు. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు కింద పచ్చగా చిలుం పట్టి ఉంది. విప్పి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి పైన కాస్త వ్యాజిలీన్ పూశాం. పావుగంట పని, మెకానిక్ టీ డబ్బులే తీసుకున్నాడు.